కొందరి కొలువు, అందరి జీతము



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్నది అమెరికా దేశపు విమాన చోదకుల సంగతి. పైలట్లన్న పేరు మీకు క్రొత్తది కాదు. గంటకింతయని పెద్ద జీతములు తీయువారి తగవు మనకెందుకని కొందరికి తోచవచ్చును. కాని 2020వ సంవత్సరమున వారి యెదుట నిలిచిన ప్రశ్న మీరు చెరువు కట్టమీద ఎన్నిమారులో విచారించినదే. నీరు చాలని యేట చివరి మళ్ళను ఎండనిచ్చి ఎగువవారికి నిండు తడి యిత్తురా, లేక అందరి వంతును కుదించి చివరి మడికిని నీరందింతురా?

వారి కొలువు పద్ధతి తెలిసినగాని ఈ చిక్కు బోధపడదు. పైలటు కంపెనీలో చేరినప్పుడే వానికొక వరుస సంఖ్య యిత్తురు. ఏ విమానము నడపవలెను, కెప్టెనుగా కూర్చుండునా సహాయ చోదకుడుగా కూర్చుండునా, ఏ యూరినుండి పని చేయవలెను, పండుగకు సెలవు దొరకునా, ఇవి యన్నియు ఆ సంఖ్యనుబట్టియే జరుగును. ముందున్నవాడు 65 ఏండ్లు నిండి దిగిపోయినప్పుడు వెనుకవాడొక మెట్టెక్కును. ఇరువది యేండ్లు కెప్టెనుగా నున్నవాడైనను వేరొక కంపెనీకి పోయెనా, అచ్చట నిన్న చేరిన కుర్రవాని వెనుక నిలువవలసినదే. మన వడ్రంగి బాడిసె చంకబెట్టుకొని పొరుగూరు పోయి బ్రదుకగలడు. పైలటు తన సంఖ్యను మూటగట్టుకొని పోలేడు.

పని తగ్గినప్పుడు కంపెనీ మనుష్యులను తీసివేయుట ఆ పట్టీ చివరినుండియే మొదలగును. దీనిని వారు ఫర్లో అందురు. మన పాత సర్కారు కొలువులలో ఫర్లో యన్నది ఉద్యోగి కోరి పుచ్చుకొను దీర్ఘమైన సెలవు. అమెరికా ఫర్లోలో కోరుటయు లేదు, జీతమును లేదు. పని మరల పెరిగినప్పుడు వరుసక్రమమున పిలుతురన్న హక్కు మాత్రము మిగులును. ఆ పిలుపు ఆరు నెలలకు రావచ్చును, ఆరేండ్లకును రావచ్చును.

అయితే తోక కత్తిరించుట కంపెనీకిని సుళువు కాదు. చివరివారు పోగా వారి స్థానములలోనికి పైవారు దిగవలెను. ఒక జాతి విమానమునకు అలవాటుపడినవాడు మరియొక జాతి విమానమును నడపుటకు ముందు మరల శిక్షణ పొందవలెను. అందుకు కాలమును ధనమును వ్యయమగును. పైగా గడచిన 90 దినములలో మూడు మారులైనను విమానము నెగురవేసి దింపనివాడు ప్రయాణికులను ఎక్కించుకొని నడపరాదని అచ్చటి నిబంధన. ఊరక కూర్చుండబెట్టిన పైలటు నాగలి కర్రువలె త్రుప్పు పట్టును. కావున బేరములో పైలట్ల సంఘమునకు కొంత బలము లేకపోలేదు.

ఇక డెల్టా యను కంపెనీ కథ చెప్పెదను. దీని పుట్టుక మీకు ముచ్చట గొలుపును. 1925లో జార్జియా రాష్ట్రమున ప్రత్తిచేలపై పురుగుమందు చల్లు విమానములతో మొదలైన వ్యాపారమిది. ప్రత్తికాయను తొలుచు పురుగే దీనికి అన్నము పెట్టినదన్నను తప్పు లేదు. 1929లో ప్రయాణికులను ఎక్కించుకొన మొదలిడి, కాలక్రమమున లోకములోని పెద్ద విమాన కంపెనీలలో నొకటియైనది.

2001లో న్యూయార్కు నగరముపై జరిగిన దాడుల తరువాత ప్రయాణికులు తగ్గి కంపెనీ అప్పులలో మునిగెను. దివాలా తప్పవలెనన్న మీరు జీతము తగ్గించుకొనవలెనని పైలట్లనడిగిరి. 2004 నవంబరులో వారు ఒప్పుకొనిరి. తగ్గించుకొన్నది ఎంతయనుకొందురు? నూటికి 32న్నర వంతులు. ఏటికి నూరు కోట్ల డాలర్లు కంపెనీకి మిగిలినవి. అయినను 2005 సెప్టెంబరు 14న కంపెనీ దివాలా అర్జీ పెట్టనే పెట్టెను. మన యూళ్ళలో ఐ.పి. పెట్టినవాని దుకాణము మూతబడును. అచ్చటి చట్టము వేరు. కంపెనీ కోర్టు నీడలో వ్యాపారము సాగించుచునే ఋణదాతలతోను పనివారితోను కరారులను తిరుగవ్రాయించుకొనవచ్చును. 2006లో పైలట్ల జీతము మరి 14 శాతము తగ్గెను. వారి పింఛను ఏర్పాటు రద్దయి, ప్రభుత్వపు భీమా సంస్థ చేతికి పోయెను. అది చెల్లించు సొమ్మునకు హద్దు గలదు. ముప్పదియేండ్లు ఆకాశమున తిరిగి, వార్ధక్యమునకు దాచుకొన్నాననుకొన్నది చేజారుట ఎట్టిదో చెప్పనక్కరలేదు.

ఈ గాయము మానకుండగనే కోవిడు వచ్చెను. 2019లో ఏప్రిల్ నడుమ ఒక దినమున అమెరికా విమానాశ్రయముల తనిఖీ దాటినవారు 22 లక్షలు. 2020 ఏప్రిల్ 14న దాటినవారు 88 వేలు కూడ లేరు. ఆ మార్చి నెలలో చేసిన చట్టము ప్రకారము ప్రభుత్వము విమానోద్యోగుల జీతములకు ధనమిచ్చి, సెప్టెంబరు 30 వరకు ఎవ్వరిని తీయరాదని షరతు పెట్టెను. గడువు తీరిన పిదప ఏమిగతి?

పైలట్లకు నెలకు కనీసమిన్ని గంటల జీతమని హామీ యుండును. అందులో 15 శాతము వదలుకొనుడని డెల్టా కోరెను. సంఘము వెంటనే తలయూపలేదు. స్వచ్ఛందముగా దిగిపోవువారిని ముందు పోనిండనెను. 1,800 మందికి పైగా దిగిపోయిరి. అప్పటికిని 1,941 మంది ఎక్కువయని కంపెనీ లెక్క చెప్పెను.

శిక్షణకు చేసిన అప్పు తీరక, పట్టీ చివర నిలిచిన యువకుని స్థితి ఊహింపుడు. మరల పిలుచువరకు వానికి కూడు ఎట్లు? రెండవ ప్రక్క అరువదియేండ్ల కెప్టెను. వానిని ఎవ్వరును తీయరు. మిగిలిన కొలది యేండ్ల సంపాదనయే వానికి ముసలితనపు ఆసరా. 2004లో కూడ ఇట్లే అడిగిరని వానికి బాగుగ జ్ఞాపకము. పల్లమునకు దిగిన జీతము మెరకకెక్కుట ఎంత కష్టమో అనుభవించినవాడు. ఇరువురకును ఓటొకటే.

2020 నవంబరులో ఓట్లు లెక్కింపగా, వేసినవారిలో 74 శాతము ఒడంబడికకు ఒప్పుకొనిరి. కోత 15 కాదు, 5 శాతము వరకు. నడపుటకు విమానము లేనివారికిని కొంత జీతము. 2022 జనవరి 1 వరకు ఏ పైలటును ఫర్లోకు పంపరాదన్నది బదులు మాట. నాకు ఈ బేరములో నచ్చినది ఆ తేదీ. 2004లో పెద్ద మొత్తమిచ్చి ఆశను కొనుక్కొనిరి, ఈమారు చిన్న మొత్తమిచ్చి తేదీని కొనుక్కొనిరి. ఒప్పుకొనని నూటికి 26 మందిని స్వార్థపరులని నేననను. ఒకసారి కాలినవాడు నిప్పును చూచి వెనుదీయుట సహజము.

అందరికిని ఇట్లే జరుగలేదు. ఇంగ్లండులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ పైలట్లు 2020 వేసవిలో 20 శాతము కోతకు, అది రెండేండ్లలో 8కి దిగునట్లు, ఒప్పుకొనిరి. అయినను 270 మంది కొలువులు పోయినవి. అమెరికాలోనే సౌత్‌వెస్ట్ కంపెనీ 10 శాతము కోత కోరగా పైలట్ల సంఘముతో రాజీ కుదరలేదు. డిసెంబరులో 1,221 మంది పైలట్లకు నోటీసులు వెళ్ళినవి. ఆ నెల 27న ప్రభుత్వము రెండవమారు సహాయమునకు చట్టము చేయగా నోటీసులు వెనుకకు తీసిరి. పైసా పోలేదు, మనిషి పోలేదు. ఇది తెలివియా, అదృష్టమాయని నన్నడిగిన అదృష్టపు పాలే హెచ్చందును. ఆ డిసెంబరు మూడు వారములు ఆ 1,221 ఇండ్లలో ఎవరికి నిద్రపట్టెనో!

డెల్టాలో తరువాత జరిగినది వినుడు. 2021 ఏప్రిల్ 4, ఈస్టరు పండుగనాడు, జనము విరగబడి రాగా, నడపువారు చాలక ఆ కంపెనీ సుమారు నూరు ప్రయాణములు మానుకొనవలసి వచ్చెను. ఆరునెలల క్రిందట ఎక్కువయన్నవారే కరవైరి. 2023 మార్చి 1న పైలట్లు క్రొత్త కరారుకు ఓటు వేసిరి. నాలుగేండ్లలో మొత్తము 34 శాతము హెచ్చు. అప్పటికి, 2020లో పట్టీ చివర నిలిచినవారి వెనుక వేలకొలది క్రొత్త సంఖ్యలు చేరియుండెను.