గోరంత మందు చాలుతుందా?



క్రిందటి నెలలో ఓ తెల్లవారుజామున మా సీతాఫల్‌మండి సందులో, పైవాటాలో అద్దెకున్న అమ్మాయి కొడుకును వీధికుక్క పిక్క మీద కరిచింది. తల్లి పసుపు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ డబ్బా అవతల పెట్టించి, పిల్లవాడి కాలు కుళాయి కింద పెట్టి, బట్టల సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాము. వాడి ఏడుపు తార్నాక దాకా వినిపించే ఉంటుంది.

ఆస్పత్రికి వెళ్ళొచ్చాక అసలు పేచీ మొదలైంది. "గింతంత మందేసి తోలిన్రక్కా! చేతికొక పొక్కు, చీమ కుట్టినట్టు. ఉత్తగ ఇచ్చేది గదా, గంతే ఉంటది. మల్లెందుకు పోవాలె?" అంది.

ఆమెను తప్పుపట్టడానికి లేదు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మనం చిన్నప్పటినుంచీ విన్నవాళ్ళమే. గొర్రె మెదడుతో చేసిన ఆ మందు 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది. కానీ మందంటే పెద్ద సూది, పెద్ద సీసా అన్న నమ్మకం మాత్రం మనలో అలాగే ఉండిపోయింది.

ఇంతకీ గోరంత మందు ఎలా చాలుతుంది? జవాబు మన చర్మంలోనే ఉంది. చర్మమంటే ఒంటికి చుట్టిన సంచీ అనుకుంటాం. కాదండీ, అందులో కావలి కణాలున్నాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చర్మానికి బంగారపు రసాయనం పట్టించి మైక్రోస్కోపులో చూస్తే, కొమ్మలు చాచిన కణాలు కనిపించాయి. పాపం, అవి నరాలకు సంబంధించినవనుకున్నాడు. వాటి అసలు పని తెలియడానికి నూరేళ్ళు దాటింది.

మా సందులో అరుగు మీద కూర్చునే ముసలమ్మ ఒకావిడ ఉంది. కొత్త మొహం కనిపిస్తే చాలు, నాలుగిళ్ళకూ చెప్పివస్తుంది. ఈ కణాలూ, వాటి కింది పొరలోని డెండ్రిటిక్ కణాలూ చేసేది అదే. చర్మంలోకి వైరస్ వస్తే దాని ముక్క పట్టుకుని దగ్గరి లింఫు గ్రంథికి వెళతాయి. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళే ఈ గ్రంథి. అక్కడి రక్షక కణాలు ఆ ముక్కను చూసి సంఖ్య పెంచుకుంటాయి, యాంటీబాడీలు తయారవుతాయి.

మరి రేబిస్ సంగతేమిటి? ఆ వైరస్ ముసలమ్మ కళ్ళుగప్పి దొడ్డిదారిన పోయే రకం. కండలో కొన్నాళ్ళు నక్కి, నరం పట్టుకుని మెదడుకు చేరుతుంది. కబురు అందేసరికి ఆలస్యమైపోతుంది. జబ్బు బయటపడితే మనిషి దక్కడం దాదాపు లేదు. అందుకే చచ్చిన వైరస్‌తో చేసిన టీకాను ఆ కావలి కణాల మధ్యకే పంపిస్తారు. కండలో అవి బాగా తక్కువ, చర్మంలో దండిగా ఉన్నాయి. కండకైతే సీసాడు మందు కావాలి. చర్మంలోకి చేతికి 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చేతులకూ వేస్తే సరిపోతుంది. మన దేశంలో 2006లో ఈ పద్ధతికి అనుమతి వచ్చింది. ఒక్క సీసా ఇద్దరు ముగ్గురికి సరిపోవడం పేదవాళ్ళ ఆస్పత్రికి చిన్న విషయమా చెప్పండి!

ఆ పొక్కు అసలు గుర్తు. అది లేవలేదంటే మందు లోతుకు పోయిందని అర్థం, మళ్ళీ వెయ్యాల్సిందే. మొదటి రోజును సున్నా అనుకుంటే 3, 7, 28 రోజులకు మళ్ళీ వెళ్ళాలి. యాంటీబాడీలు తయారవడానికి వారం పైనే పడుతుంది. గాయంలో నెత్తురు కనిపిస్తే ఆలోగా కాపు కాయడానికి గాయంలోనే సీరం వేస్తారు. మా పిల్లవాడికి వేశారు.

ఇదంతా చెబితే ఆ అమ్మాయి సగం నమ్మింది, సగం నమ్మలేదు. నేనే క్యాలెండరులో ఆ తేదీలకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను. మొన్న నాలుగోసారి వెళ్ళొచ్చి, వాడే చొక్కా చేతులు పైకి లాగి చూపించాడు: "పెద్దమ్మా, రెండు దిక్కులా పొక్కు లేచింది, చూడు!"