కోరలు లేని రక్తపిశాచులు

రక్తపిశాచి యనగానే మనకు డ్రాక్యులా ప్రభువు స్ఫురించును. 1897లో బ్రామ్ స్టోకర్ ప్రకటించిన నవలలో ఆ వృద్ధుడు పరుల నెత్తురు త్రాగి, నానాటికి యౌవనమును తిరిగి పొందును. అయితే అంతకు పూర్వపు ఆంగ్ల నవలలలోనే ఈ వృద్ధుడు కోరలు లేకుండ, మర్యాదస్థుని వేషమున సంచరించుచున్నాడు.

చార్లెస్ డికెన్స్ 1852-53లలో వెలువరించిన ‘బ్లీక్ హౌస్’లో వోల్స్ అను న్యాయవాది కలడు. ఏబది యేండ్లవాడు, నల్లని దుస్తులు, నల్లని చేతి తొడుగులు, పాలిపోయిన ముఖము. వారసత్వపు వ్యాజ్యముపై ఆశ పెట్టుకొన్న రిచర్డ్ అను యువకుడు ఇతనిని నమ్ముకొన్నాడు. ఇతని చూపు క్రింద రిచర్డ్ క్షీణించుచున్నట్లును, ఇతనిలో రక్తపిశాచి పోలిక యున్నట్లును కథ చెప్పు ఎస్తర్‌కు తోచును. తుదకు ఆస్తి యంతయు కోర్టు ఖర్చులకే సరిపోయినది, రిచర్డ్ మరణించినాడు. వోల్స్ మాత్రము ముసలి తండ్రిని, ముగ్గురు కుమార్తెలను పోషించు పెద్దమనిషిగనే మిగిలినాడు.

జార్జి ఎలియట్ 1871-72లలో ప్రకటించిన ‘మిడిల్‌మార్చ్’లోని కాసోబాన్ ఇంకను సూక్ష్మమైన పాత్ర. నలుబదియైదు దాటిన ఈ మతాచార్యుడు ఇరువది నిండని డొరోథియాను వివాహమాడును. సకల పురాణములకు మూలమును నిరూపించు గ్రంథము వ్రాయవలెనని ఇతని పట్టుదల. ఆ గ్రంథము ముగియునది కాదు. ఆమె తన యౌవనమును దానికి ధారపోయవలెను. తన మరణానంతరమును తన కోరికను పాటింతునని మాట యిమ్మని అతడడుగును. ఆమె మరునాటివరకు గడువు కోరినది. ఒప్పుకొనుటకే తోటలోనికి వెళ్లినది. అప్పటికే అతడు విగతజీవుడు. అయినను పట్టు విడువలేదు. విల్ లాడిస్లాను పెండ్లాడినచో తన ఆస్తి ఆమెకు దక్కదని వీలునామాలో వ్రాసి యుంచినాడు. నవలలోని ఈ భాగమునకు రచయిత్రి యుంచిన పేరు ‘మృతహస్తము’.

రచయిత్రికి కాసోబాన్‌పై ద్వేషము లేదు, జాలియే కలదు. తాను హాని చేయుచున్నట్లు అతడెరుగడు. భార్యకు ధర్మము బోధించుచున్నాననియే అతని నమ్మకము. ఇచ్చటనే నడివయస్సు వారము ఉలికిపడవలసి యున్నది. మనకు తీరని కోరికను పిల్లలకు అప్పగించి ఒట్టు వేయించుకొనుట ఆశీర్వాదమా, ఆకలియా?

డొరోథియా ఆ ఆస్తిని వదలుకొని విల్‌ను వరించినది. మా బీరువాలోను పూర్తికాని వ్రాతప్రతి యొకటి యున్నది. దానిని మా పిల్లలకు అప్పగింపరాదని నిశ్చయించుకొన్నాము.