నిద్ర కూడా చదువే



డెబ్బై అయిదేళ్లుగా ఈ తమిళసీమలో తెలుగు అక్షరాన్ని నిలిపిన ఈ ప్రాంగణంలో, వైద్యుడిని గనుక నన్ను ఆరోగ్యాన్ని గురించి ప్రసంగించమన్నారు. ఆహారాన్ని గురించి చెప్పేవారు పెక్కురు. నేను నిద్రను ఎంచుకొన్నాను. సభలో ఎవరైనా కునుకు తీస్తే దానిని ఆమోదంగానే భావిస్తాను.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం దేహానికి ఉపస్తంభాలని చరక సంహిత చెబుతుంది. మొదటి స్తంభానికిచ్చే గౌరవం మనం రెండవదానికి ఇవ్వడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే పిల్లవాడిని బుద్ధిమంతుడంటాం. వాడు పడుకొన్నది తొమ్మిదింటికా, పన్నెండింటికా అని ఎవరూ అడగరు.

నిద్రలో మెదడు ఊరక ఉండదు. 1953లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటుందని ప్రకటించారు. స్పష్టమైన స్వప్నాలు అధికంగా వచ్చేది ఆ దశలోనే. రాత్రి తొలిభాగంలో గాఢనిద్ర ఎక్కువ. వేకువన ఈ స్వప్నదశ ఎక్కువ. పిల్లల ఎదుగుదలకు కావలసిన హార్మోను గాఢనిద్రలో సమృద్ధిగా స్రవిస్తుంది. పగలు నేర్చిన పాఠం మెదడులోని హిపోకాంపస్ సాయంతో నిలిచి, నిద్రలో మళ్లీ వల్లెవేయబడి స్థిరపడుతుంది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పుస్తకాలలో ఆంగ్లం మోసే మన పిల్లలకు ఆ రాత్రి వల్లె ఎంత అవసరమో ఆలోచించండి.

పరీక్షల ఋతువులో తలనొప్పి, మరపు, చిరాకు అంటూ పిల్లలను నా వద్దకు తీసుకొని వస్తారు. "జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్ రాయండి డాక్టరుగారూ" అంటారు. ఎన్ని గంటలు నిద్రపోతున్నాడని అడిగితే తల్లి తండ్రి వైపు చూస్తుంది. ఆరు నుండి పన్నెండేళ్ల వారికి 9 నుండి 12 గంటలు, పదమూడు నుండి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుండి 10 గంటలు అవసరమని అమెరికా నిద్రావైద్యుల అకాడమీ 2016లో నిర్ణయించింది. అయిదు గంటల నిద్రకు సరితూగే టానిక్ నా వద్ద లేదు.

యౌవనారంభంలో పిల్లలు రాత్రి త్వరగా నిద్రపోకపోవడం కేవలం మొండితనం కాదు. నిద్రవేళను సూచించే మెలటోనిన్ ఆ వయసులో ఆలస్యంగా స్రవిస్తుంది. దిండు క్రింద సెల్‌ఫోను దానిని మరింత వెనుకకు నెడుతుంది. అది మాత్రం మన చేతిలోని పనే. ఉదయపు బడిగంట మాత్రం వెనుకకు జరగదు. ఈ కారణంగానే అమెరికా శిశువైద్యుల అకాడమీ 2014లో మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు 8.30కి ముందు మొదలు కారాదని సూచించింది. కాలిఫోర్నియాలో ఉన్నత పాఠశాలలకు 2022 నుండి ఇది చట్టం.

పదవ తరగతి ప్రత్యేక తరగతులు ఉదయం ఏడింటికి పెట్టడంలో మన ఉపాధ్యాయుల శ్రద్ధను శంకించను. వాటిని సాయంకాలానికి మార్చగలరేమో పరిశీలించమని మాత్రం ప్రధానోపాధ్యాయులను ఈ వేదిక నుండే అర్థిస్తున్నాను. పిల్లల నిద్రవేళలను గురించి అడగదలచిన తల్లిదండ్రులు సంకోచించనక్కరలేదు. భోజనాల పందిరి వద్ద ఉంటాను.