పడవ అడుగుకు రంగు ఎంత?



విశాఖ చేపల రేవులో పడవలున్న కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు. అడుగున గుల్లలు, నాచు పడితే వేగం తగ్గి డీజిలు ఖర్చు పెరుగుతుంది. వాటిని ఆపే రంగు ఖరీదైనది. తక్కువ తెస్తే పని ఆగుతుంది, ఎక్కువ తెస్తే సొమ్ము డబ్బాలోనే ఎండుతుంది.

వెడల్పుకు, నీళ్ళలో మునిగే లోతు కలిపి, నీటిమట్టం దగ్గరి పొడవుతో హెచ్చవేయండి. పొడవు 9 మీటర్లు, వెడల్పు 3, లోతు 1 అయితే 36 చదరపు మీటర్లు. నిండైన అడుగుకు ఇది సరి. సన్నని అడుగుకు ముప్పాతిక చాలు. డబ్బా మీద లీటరుకు 9 చదరపు మీటర్లని ఉంటే పూతకు 4 లీటర్లు, రెండు పూతలకు 8. చుక్కాని, ముందు అంచు, నీటిగీత త్వరగా అరుగుతాయి గనుక మరో లీటరు కలపండి.

ముందు కాగితం మీద ఎస్టిమేటు, తర్వాతే కొనుగోలు అని మీ పిల్లలకు చెప్పండి.