గర్భిణీ రక్షణము - గృహస్థుల బాధ్యత

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము గర్భిణుల యాహారము, వారికి గలుగు గుండెమంట, వారికి చేయవలసిన మధుమేహ పరీక్ష. ఇది స్త్రీల విషయము, నిండుసభలో దీని ప్రసక్తి యేలయని కొందరు తలంపవచ్చును. మన యిండ్లలో గర్భిణి యేమి తినవలయునో నిర్ణయించువారు తల్లులు, అత్తలు. ఆసుపత్రికి ఎప్పుడు పోవలయునో నిర్ణయించువారు తండ్రులు, మామలు, భర్తలు. కావున నిది యెల్లర విషయము. మేము వైద్యులము కాము. బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించినవారము. వైద్యులవలన గ్రహించినదానికి మా యింట జరిగిన యొక సంగతిని జతచేసి విన్నవింతుము.

మా రెండవ కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినది. ఏడవ నెలలో వైద్యురాలు పరీక్ష చేయించి, రక్తమందు చక్కెర యధికముగా నున్నదని చెప్పెను. మేము నమ్మలేదు. "పిల్ల సన్ననిది; మా వంశమున నీ వ్యాధి లేదు; గ్లూకోజు నీరు త్రాగించి చక్కెర యున్నదనుట యేమి వింత!" యని నవ్వితిమి. పైగా వియ్యాలవారికి తెలిసినచో "రోగిష్ఠి పిల్లను కట్టబెట్టితిరి" అందురేమో యని దాచితిమి. సీమంతమునాడు వియ్యపురాలును ముత్తైదువలును ప్రేమతో నోటికందించిన అరిసెలను, పూర్ణములను, సున్నిండలను పిల్ల కాదనలేకపోయినది. కారణము చెప్పుటకు మేమే నోరు కట్టివేసితిమి గదా! ఆ రాత్రి గుండెమంటతో కూర్చుండియే తెల్లవార్చినది. మంట చల్లారునని మేము చక్కెర కలిపిన పాలిచ్చితిమి. నెలలు నిండి పుట్టిన శిశువు నాలుగు కిలోలకు మించి బరువుండెను. కొలదిగంటలలో శిశువు రక్తమందు చక్కెర పడిపోగా రెండు దినములు ప్రత్యేక శిశు విభాగమున నుంచవలసివచ్చెను. దైవానుగ్రహమున బిడ్డ క్షేమముగా నున్నాడు. కాని తప్పు మాదే యని ఈ సభాముఖమున నొప్పుకొనుటకు మేము సిగ్గుపడము. నాడు సిగ్గుపడియే గదా తప్పు చేసితిమి!

ఇట్లేల జరుగునో వైద్యులు మాకు తరువాత బోధించిరి. గర్భమందలి మాయ శిశువును పోషించుటకై కొన్ని హార్మోనులను పుట్టించును. అవి తల్లి శరీరమున ఇన్సులిన్ పనిని మందగింపజేయును. క్లోమము దానికి తగినట్లు మరింత ఇన్సులిన్ సమకూర్చగలిగినచో చిక్కులేదు. సమకూర్చలేనిచో చక్కెర రక్తమున నిలిచిపోవును. ఇదియే గర్భకాల మధుమేహము. ఆ చక్కెర మాయద్వారా శిశువును చేరును. శిశువు క్లోమము దానిని సరిపెట్టుటకు అధికముగా ఇన్సులిన్ పుట్టించును. అందువలన శిశువు లావగును, కాన్పు కష్టమగును. బొడ్డు కోసిన వెంటనే తల్లినుండి వచ్చు చక్కెర యాగిపోవును గాని శిశువు ఇన్సులిన్ అప్పుడే తగ్గదు. పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోవుట కిదియే కారణము. దీనికి వంశమున వ్యాధి యుండనక్కరలేదు, తల్లి లావుగా నుండనక్కరలేదు. బయటికి ఏ లక్షణమును కనబడకపోవచ్చును. కనుకనే పరీక్ష తప్ప వేరు మార్గము లేదు.

పరీక్ష సులభమైనది. భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ 2018 నాటి మార్గదర్శకముల ననుసరించి, భోజనము చేసియున్నను చేయకున్నను, 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఐదు పది నిమిషములలో త్రాగింతురు. రెండు గంటల పిమ్మట రక్తము పరీక్షింతురు. డెసిలీటరునకు 140 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో గర్భకాల మధుమేహమని నిర్ణయింతురు. త్రాగిన అరగంటలోపల వాంతి యైనచో మరునాడు మరల చేయవలయును. ఈ పరీక్ష గర్భిణి మొదటిమారు ఆసుపత్రికి వెళ్లినపుడే జరుగవలయును. అప్పుడు బాగున్నను 24 మొదలు 28 వారముల నడుమ మరల జరుగవలయును. ఒకమారు బాగున్నది గదా యని రెండవదానిని మానుట పొరపాటు; మాయ ప్రభావము నెలలతోపాటు పెరుగును. కొన్ని ఆసుపత్రులలో పరగడుపున వచ్చి రెండుమూడుమారులు రక్తమిచ్చు పద్ధతి కలదు. ఏ పద్ధతియైనను వైద్యులు చెప్పినట్లు చేయించుకొనవలయును. మద్రాసు నగరమున డాక్టర్ వి. శేషయ్యగారు ఈ వ్యాధిని గూర్చి దీర్ఘకాలము కృషి చేసిరి. వారి జన్మదినమైన మార్చి 10వ తేదీ మన దేశమున గర్భకాల మధుమేహ అవగాహన దినముగా పాటింపబడుచున్నది.

ఇక ఆహారము. "ఇద్దరికి సరిపడ తినుము" అను మాట మన పెద్దల నోట తరచుగా వినబడును. అది రెండింతలు తినుమని కాదు. నాలుగవ నెల మొదలు దినమునకు అదనముగా వలసినది సుమారు 350 కెలోరీలు మాత్రమే. ఒక జొన్నరొట్టె, ఒక గిన్నె పప్పు, ఒక గ్లాసు పాలు దానికి చాలును. పరీక్షలో చక్కెర కనబడినవారు అన్నము పూర్తిగా మానవలసిన పని లేదు. అన్నపు రాశిని తగ్గించి, పప్పును, తోటకూర, మునగాకు మొదలగు కూరలను పెంచవలయును. మూడు పూటల భోజనమును, నడుమ రెండుమూడు చిన్న ఫలహారములును చేయవలయును. ఉడికించిన శనగలు, పెసరట్టు, మజ్జిగ యిందుకు మేలైనవి. చక్కెర మాని బెల్లము గాని తేనె గాని వాడవచ్చునను భ్రమ వలదు. అవియు రక్తమున చక్కెరను పెంచునవే. పలుచని రాగిజావ కడివెడు త్రాగుటకంటె రాగిరొట్టె పప్పుకూరలతో మితముగా తినుట మేలు. వైద్యులు వలదనకున్నచో దినమున కొక యరగంట నడువవలయును. రెండు వారములు ఇట్లు పాటించినను భోజనమైన రెండు గంటలకు చక్కెర 120కి తగ్గకున్నచో వైద్యులు మందు ప్రారంభింతురు. ఇన్సులిన్ సూదికి భయపడరాదు. అది మాయను దాటి శిశువును చేరదు.

గుండెమంట గుండెకు సంబంధించినది కాదు. గర్భకాలపు హార్మోనువలన అన్నవాహికకును జీర్ణాశయమునకును నడుమనున్న కండరము సడలును. పెరుగుచున్న గర్భము జీర్ణాశయమును పైకి నొక్కును. పులుసు గొంతువరకు ఎగదన్నును. దీనికిని మితాహారమే తొలిమందు. కొంచెము కొంచెముగా పలుమారులు తినుట చక్కెరకును మంటకును ఒక్కటే చికిత్స యగుట మన యదృష్టము. రాత్రిభోజనమైన రెండుమూడు గంటల వరకు పండుకొనరాదు. తలవైపు ఎత్తుగా నుంచి ఎడమప్రక్కకు తిరిగి పండుకొనవలయును. ఆవకాయ, బజ్జీలు, కాఫీ మంట రేపినచో వానిని తగ్గింపవలయును. వంటసోడా కలిపి త్రాగుట వలదు. మంట తగ్గుటకు మందు వలసినచో వైద్యుల నడుగవలయును. ఆ మందును, కాల్షియము బిళ్లను ఇనుము బిళ్లతో కలిపి మ్రింగరాదు, రెండు గంటల యెడముండవలయును. ఒక్క హెచ్చరిక: ఐదవ నెల దాటిన పిమ్మట డొక్కపైభాగమున తీవ్రమైన నొప్పి, దానితో తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము చేతులు వాచుట కనబడినచో అది గుండెమంట యని యింట కూర్చుండరాదు. అది రక్తపోటువలని ప్రమాదము కావచ్చును. ఆ క్షణమే ఆసుపత్రికి చేర్పవలయును.

ఇవి యెల్ల మన సంప్రదాయమునకు విరుద్ధములని యెవరైన నందురేమో! చరకసంహిత శారీరస్థానము గర్భిణిని అంచులదాక నూనె నిండిన పాత్రతో పోల్చినది. అట్టి పాత్రను మోయువాడు చూపు మరల్చునా? దౌహృదమును, అనగా గర్భిణి కోరికను, తీర్పవలయునని చెప్పిన యా గ్రంథమే, కోరిక తీవ్రమై యది యహితమైనపుడు హితమైనదానితో కలిపి యిమ్మని విధించినది. కోరికను త్రోసివేయుమనలేదు, హద్దు లేక తినిపింపుమనియు ననలేదు. సీమంతము మంగళకార్యము, దానిని మానుమని మేము చెప్పము. పళ్లెమునందు అరిసెల రాశి తగ్గించి, వేరుశనగలు, శనగలు, జామపండ్లు పెట్టినచో మంగళమునకు లోపమేమి? ముత్తైదువలు నోటికందించు ముద్దకు ముందు "అమ్మా, నీకిది సరిపడునా?" యని యడుగుట దీవెనయే యగును.

మా కుమార్తె కథ కాన్పుతో ముగియలేదు. ఈ వ్యాధి కాన్పుతో చాలమందికి తగ్గును గాని, మునుముందు ఆ తల్లికి మధుమేహము వచ్చు నవకాశము తక్కినవారికంటె హెచ్చు. కావున కాన్పైన ఆరు వారములకు మరల 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేయింపవలయును. బాలింత హడావుడిలో ఎక్కువగా మరచునది ఈ పరీక్షనే. ఈమారు మేమే దినము లెక్కించి తీసికొనిపోయితిమి. వియ్యాలవారికి సంగతి యంతయు చెప్పితిమి. వియ్యపురాలు, "ముందే చెప్పియుండిన నేను స్వయముగా శనగలు ఉడికించి తెచ్చియుందును గదా!" యనిరి. ఆ మాట మమ్ము నేటికిని బాధించుచున్నది.

కావున ఈ మహాసభకు మా విన్నపములు మూడు. ప్రతి నెల 9వ తేదీని ప్రభుత్వాసుపత్రులయందు గర్భిణులకు ఉచితముగా జరుగు పరీక్షకు, మన కుటుంబములలోని గర్భిణులను, ముఖ్యముగా పేద యిండ్లవారిని, తీసికొనిపోవు భారమును గ్రామ గ్రామమున నొక కార్యకర్తకు అప్పగింపవలయును. పోషక మహాశయులు విద్యార్థులకు చేయు సహాయముతోపాటు ఈ ప్రయాణపు ఖర్చులకును కొంత కేటాయింపవలయును. మూడవది ధనముతో పనిలేనిది: కోడలికి చక్కెర కనబడినదని తెలిసినపుడు, దానిని వంశమునకు మచ్చగా గాక, సకాలమున తెలిసిన సంగతిగా నెంచవలయును. వియ్యాలవారు ఒకరితో నొకరు దాచుకొనకుండుట నేర్చినచో ఈ సభ జరిగిన ఫలము దక్కినట్లే.