దంతం మీద నల్లగీత: విశాఖ కంసాలుల స్మారకోపన్యాసం



స్మారకోపన్యాసం అంటే వేదిక మీద ఒక పటం, దానికో దండ ఉండడం ఆనవాయితీ. ఈరోజు ఆ రెండూ లేవు. ఎవరి జ్ఞాపకార్థం మనం కలిశామో వాళ్ల ఫొటోలు లేవు, పేర్లు కూడా దాదాపుగా మనకు దక్కలేదు. వాళ్లు విశాఖపట్నం కంసాలులు. 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దంలో ఈ ఊళ్లో కూర్చుని ఏనుగు దంతంతో పెట్టెలు, కుర్చీలు, బీరువాలు, అద్దం బిగించిన సింగారపు పెట్టెలు చేసినవాళ్లు. లండన్ వేలంశాలల్లోనూ, దేశదేశాల మ్యూజియాల్లోనూ ఆ వస్తువుల పక్కన చీటీ మీద ఈనాటికీ మన ఊరి పాత పేరే ఉంటుంది: వైజాగపటం. కొన్నవాళ్ల పేర్లు, అమ్మినవాళ్ల పేర్లు, వేలం తేదీలు అన్నీ భద్రంగా ఉన్నాయి. చేసినవాళ్ల సంగతే ఎవరూ రాసిపెట్టలేదు.

మన ఊరిని ఇవాళ ఓడరేవుగా, ఉక్కునగరంగా చెప్పుకుంటున్నాం. ఇప్పటి ఓడరేవు తెరిచింది 1933లో. ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది 1971లో. అంతకు చాలా ముందే ఈ తీరం సముద్రం అవతలికి సరుకు పంపేది. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే భీమిలిలో దిగారు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1680లలో విశాఖలో వర్తక స్థావరం పెట్టుకుంది. ఇద్దరూ వచ్చింది బట్ట కోసం. ఓడలు లోతు నీళ్లలో లంగరేసుకునేవి. తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలు దాటి బేళ్లు చేరవేసేవి. అవే పడవల్లో బర్మాలోని పెగూ నుంచి వచ్చిన టేకు దుంగలూ ఏనుగు దంతాలూ ఒడ్డుకు దిగేవి.

ముడిసరుకు రేవులో దిగుతోంది, కొనేవాడు రేవులోనే ఉన్నాడు. మధ్యలో కావలసింది పనితనం. అది కంసాలి ఇంట ఉంది. చెక్కపని, లోహపు పని, శిల్పం తెలిసిన చేతులకు దంతం కొరుకుడుపడడానికి ఎంతో కాలం పట్టి ఉండదు. నమూనాలు కూడా బయటినుంచి తేనక్కర్లేదు. విశాఖ దంతపు పనిలో అంచుల వెంట పాకే తీగను, తీగకు పూసిన పెద్ద పూలను చూడండి. కోరమాండల్ తీరపు అద్దకం బట్టల మీద ఉన్న తీగే అది. బట్ట మీద కలంతో గీసిన తీగ దంతం మీద ఉలిమొనతో గీసిన తీగైంది.

1756లో జాన్ కార్నీల్ అనే ఇంగ్లిష్ సైనికాధికారి ఈ ఊరు చూశాడు. తన దినచర్య పుస్తకంలో ఇక్కడి అద్దకం బట్టల గురించి రాసి, చెక్కలో దంతం పొదిగే పని కూడా ఇక్కడ చాలా గొప్పగా చేస్తారని రాశాడు. ఈ 1756 అనే సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

తొలినాటి వస్తువుల్లో చెక్కదే పెద్దపీట. టేకు గానీ ఇరుగుడు గానీ నల్లమొద్దు గానీ తీసుకుని, అందులో గాడి తొలిచి, పూలరేకుల ఆకారంలో కోసిన దంతపు ముక్కలను పొదిగేవారు. నల్లటి చెక్కలో తెల్లటి తీగ. 18వ శతాబ్దం సగం గడిచేసరికి పని తిరగబడింది. లోపల మంచిగంధం చెక్క, దాన్ని పూర్తిగా కప్పేస్తూ పైన పలచటి దంతపు పలకలు. చెక్క కనబడదు. ఇప్పుడు తెల్లటి నేల మీద నల్లటి తీగ.

ఆ నల్లటి గీత ఎలా వస్తుందో కాస్త ఆగి చూద్దాం. మొదట దంతాన్ని నిలువునా సన్నటి పలకలుగా కోయాలి. దంతం వంపు తిరిగి ఉంటుంది, మొదటి భాగం లోపల బోలుగా ఉంటుంది. కాబట్టి పెద్ద పలకలు దొరకడం కష్టం. అందుకే పెట్టె మూతను దగ్గరగా చూస్తే నాలుగైదు పలకల అతుకు కనిపిస్తుంది. ఆ అతుకుల్ని పూలబారుల కింద దాచడం పనివాడి నేర్పు. పలకను చెక్కకు అంటించి, అవసరమైన చోట సన్నటి దంతపు మేకులతోనే బిగిస్తాడు. అప్పుడు వాడిమొనతో బొమ్మ గీస్తాడు. గీత లోతు వెంట్రుకంత. కరిగించిన నల్లలక్కను దాని మీద రుద్దితే గీతలన్నీ నిండుతాయి, పలకంతా మసి పూసినట్టవుతుంది. ఆరాక పైపైన గీకేసి మెరుగు పెడితే, పలక మళ్లీ తెల్లబడి, గీతల్లో మాత్రం లక్క నిలుస్తుంది. గీసేటప్పుడు చెయ్యి జారితే దిద్దుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే జారిన గీతలోకీ లక్క దిగుతుంది. రెండువందల యాభై ఏళ్ల తరవాత కూడా ఆ పూలరేకు చివర మొన పైకెత్తిన చోటు కనబడుతుంది. పేరు దక్కని మనిషి చెయ్యి కదిలిన తీరు మాత్రం అక్కడ ఉంది.

ఈ పని ఎంత దూరం పోయిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అలెగ్జాండర్ వించ్ 1773 నుంచి 1775 దాకా మద్రాసు గవర్నరు. ఇంటికి వెళ్లేటప్పుడు విశాఖలో చేసిన దంతపు కుర్చీలు, సోఫాలు వెంట తీసుకువెళ్లాడు. 1781లో ఆయన పోయాక ఇంటి సామాను వేలం వేశారు. మూడవ జార్జి రాజు ఆ కుర్చీలు కొని తన రాణి షార్లట్‌కు ఇచ్చాడు. రాణి 1818లో చనిపోయింది. మరుసటి ఏడాది ఆమె వస్తువులు వేలానికి వస్తే, కొడుకు, అప్పటికి రాజప్రతినిధి, కొన్నిటిని తిరిగి కొని బ్రైటన్‌లోని తన విలాస భవనానికి చేర్చాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. రెండు వేలాలు, ఒక గవర్నరు, ఒక రాజు, ఒక రాణి, ఒక యువరాజు. ఇంత వివరం తెలిసిన ఆ కుర్చీ ఏ ఇంటి అరుగు మీద తయారైందో చెప్పేవాళ్లు లేరు.

నాకు మాత్రం కుర్చీలకన్నా చిన్న పెట్టెల మీదే ప్రేమ. వాటిలో ఇంటి ఆకారంలో చేసినవి ఉన్నాయి. గోడల మీద ఇటుకల వరసలు, తలుపులు, కిటికీలు నల్లలక్కతో గీసి ఉంటాయి. కప్పు ఎత్తితే లోపల తేయాకుకో, దారపుండలకో అరలు. అది ఇంగ్లండు పల్లెటూరి ఇల్లు. దాన్ని గీసినవాడు ఇంగ్లండు చూడలేదు, కాగితం మీద అచ్చు బొమ్మ చూశాడు. అచ్చుబొమ్మ చుట్టూ తనకు తెలిసిన పూలతీగ అల్లాడు. చూడని ఊరిని గీయమంటే గీశాడు, అంచు మాత్రం తన ఊరిదే పెట్టాడు.

దంతపు విసనకర్రల గురించి కూడా చెప్పమని నిర్వాహకులు అడిగారు. సేకరణకర్తల లోకంలో ఆ విసనకర్రలూ విశాఖ పెట్టెలూ పక్కపక్కనే ఉంటాయి. మడత విసనకర్రలు ఎక్కువగా చైనాలోని కాంటన్‌లో, విదేశీ వర్తకుల కోసం చేసినవి. బట్టా కాగితమూ లేకుండా మొత్తం దంతపు పుల్లలే, పైన రిబ్బను గుచ్చి కలిపినవి, అందులో చాలా పేరుపొందినవి. ప్రతి పుల్లనూ సన్నటి రంపంతో జాలీగా కోస్తారు. మధ్యలో చిన్న డాలు ఆకారం వదులుతారు, కొనుక్కున్న దొరసాని పేరులోని పొడి అక్షరాలు అందులో చెక్కడానికి. మద్రాసు మీదుగా కాంటన్ వెళ్లివచ్చే కంపెనీ ఓడల పుణ్యమా అని, ఒకే దొరసాని బల్ల మీద విశాఖ పెట్టె, కాంటన్ విసనకర్ర కలిసి ఉండడానికి ఆస్కారం ఏర్పడింది. పనితీరు మాత్రం పూర్తిగా వేరు. కాంటన్ వాడు దంతాన్ని తొలిచి గాలి ఆడనిస్తాడు. విశాఖ వాడు నిండుపలక ఉంచి దాని మీద రాస్తాడు. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. అందులో నిగ్రహం ఉంది.

ఇప్పుడు 1756 దగ్గరికి వెళ్దాం. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల గురించి ఏడు సంపుటాలు వేశాడు. అందులో విశాఖ కంసాలుల కళావస్తువుల ప్రస్తావన ఉంది. కానీ ఈ పరిశ్రమను 1859-62 మధ్య ఇక్కడ కలెక్టరుగా చేసిన ఫేన్ అనే దొర నెలకొల్పాడనే మాట కూడా అందులోకి ఎక్కింది. ఆ దొర పనివాళ్లను ప్రోత్సహించి ఉండవచ్చు, ఆర్డర్లు ఇప్పించి ఉండవచ్చు. అందుకు ఆయనకు నమస్కారం. నెలకొల్పాడనడం మాత్రం నిలబడదు. ఫేన్ కలెక్టరయ్యేనాటికి కార్నీల్ రాత నూరేళ్లు దాటింది. షార్లట్ రాణి కుర్చీలు అప్పటికే రెండుసార్లు వేలం చూశాయి. నూటయాభై ఏళ్ల కంసాలుల శ్రమను ఒక్క వాక్యంలో ఒక అధికారి ఖాతాలో వేశారు. ఆ వాక్యం అచ్చయింది కాబట్టి తరవాతివాళ్లు దాన్నే పట్టుకున్నారు. మన జిల్లా చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా దాన్ని సరిచేయాలని ఈ సభాముఖంగా గట్టిగా కోరుతున్నాను.

దంతపు పనివాళ్లు పేరు రాసుకోవడం మన దేశంలో ఎరగనిదేమీ కాదు. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద, ఈ శిల్పం విదిశ దంతకారులు చెక్కారు అన్న శాసనం ఉంది. సుమారు రెండు వేల ఏళ్లనాటిది. దంతం చెక్కే చేతులు రాయి చెక్కి, ఆ పని తమదని చెప్పుకున్నాయి. విశాఖ కంసాలికి ఆ వీలు దొరకలేదు. అతని పని ఓడెక్కి వెళ్లిపోయేది, కొన్నవాడి వంశచిహ్నం దాని మీదికి ఎక్కేది.

19వ శతాబ్దంలో పెద్ద సామాను ఆర్డర్లు తగ్గాయి. పనివాళ్లు చిన్న వస్తువుల వైపు మళ్లారు. మంచిగంధం పెట్టె మీద నిలువునా చీల్చిన ఏదుపంది ముళ్లు, దుప్పికొమ్ము, తాబేటి చిప్ప, వాటి అంచున దంతపు జాలీ. తెలుపు, గోధుమ, నలుపు కలిసిన ఆ పెట్టెలను ప్రదర్శనలకు పంపేవారు, దొరలు జ్ఞాపికలుగా కొనుక్కునేవారు. చూపరులకు ముచ్చటగానే ఉంటాయి. పాత పలకల మీది గీతలో ఉన్న ధైర్యం మాత్రం వాటిలో తక్కువ. 20వ శతాబ్దం నడిచేకొద్దీ ఆ పనీ సన్నగిల్లింది.

ఇక సేకరణ మాట. తెలుగునాట సేకరణ అంటే మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పేరు ముందు చెప్పుకోవాలి. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన వస్తువులతో మ్యూజియం తెరిచారు. అందులో దంతపు వస్తువులకు ప్రత్యేకంగా గది ఉంది. ఫ్రాన్స్ రాజు పదహారవ లూయీ టిప్పు సుల్తానుకు పంపినవని చెప్పే దంతపు కుర్చీలు అక్కడివే. సాలార్‌జంగ్‌లా డబ్బుపెట్టి కొనే సేకరణ ఇప్పుడు మనకు కుదరదు, కుదరకూడదు కూడా. ఒక్కో దంతం వెనక ఒక ఏనుగు చావు ఉంది. ఇందాక నేను మెచ్చుకున్న పలకకూ ఆ లెక్క వర్తిస్తుంది. ఆ మాట దాటవేసి ఈ కళను పొగడడం నాకు చేతకాదు.

చట్టం స్పష్టంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం ఆగింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతానిదీ ఆగింది. పాతదైనా కొత్తదైనా కొనడం, అమ్మడం నేరం. ఇళ్లలో ఉన్నవి ప్రకటించుకోవడానికి 2003లో 180 రోజుల గడువు ఇచ్చారు. వందేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించకూడదన్నది 1972లోనే వచ్చిన మరో చట్టం. బ్రిటన్ కూడా 2018లో చట్టం చేసి, 2022 నుంచి అమలుచేస్తోంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప అక్కడా వ్యాపారం మూతబడింది.

పనితనం బతకడానికి దంతమే అక్కర్లేదని చెప్పేందుకు మనకు దగ్గర్లోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క, ప్రకృతి రంగులతో చేసే బొమ్మల ఊరు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రంగుల కోసం పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. విశాఖ దంతపు పెట్టె మీద గీతను నింపిన లక్కే అక్కడ తిరుగుడు కర్ర మీద రంగై మెరుస్తోంది.

మరి మనం సేకరించవలసింది ఏమిటి? సమాచారం. ప్రపంచంలో ఎక్కడెక్కడ విశాఖ దంతపు వస్తువులున్నాయో వాటి ఫొటోలు, కొలతలు, చేతులు మారిన చరిత్ర అన్నీ ఒకచోట చేర్చాలి. బీచ్‌రోడ్డు మీది విశాఖ మ్యూజియంలో ఒక గోడ చాలు ఈ పనికి. వన్‌టౌన్ వీధుల్లో పాత కుటుంబాల పెద్దలున్నారు. తాతముత్తాతలు ఏం పని చేసేవారో, ఏ ఉలిని ఏ పేరుతో పిలిచేవారో ఇప్పుడే అడిగి రాసుకోవాలి. పనిముట్ల పేర్లు దొరికితే పనివాళ్ల పేర్లు కూడా దొరికే అవకాశం ఉంది.

ఈ సభలో ఎవరింట్లోనైనా అలాంటి పెట్టె ఉంటే, ముందు యాజమాన్య పత్రం ఉందో లేదో చూసుకోండి. సందేహముంటే అటవీశాఖవారిని అడగండి. ఎవరో ధర చెప్పారని బేరానికి దిగకండి. ఎండ తగిలే కిటికీ దగ్గరా, ఏసీ గాలి నేరుగా కొట్టే చోటా పెట్టకండి. తేమ మారితే చెక్క ఒకలా, దంతం ఒకలా కదిలి పలకలు లేస్తాయి. నీళ్లతో తుడవకండి, మెత్తటి పొడిబట్ట చాలు. దంతమో ఎముకో తెలియాలంటే భూతద్దం పెట్టి చూడండి. ఎముకలో సన్నటి నల్లచుక్కలూ గాట్లూ కనిపిస్తాయి. దంతంలో ఆ చుక్కలుండవు. అడ్డంగా కోసిన చోట ఒకదానినొకటి దాటుకుపోయే వంపుగీతలు ఉంటాయి.

తరవాత ఫొటోలు తీయండి. అందరూ మూతకూ ముందువైపుకూ తీసి వదిలేస్తారు. పెట్టెను తిరగేసి అడుగు తీయండి, సొరుగులు పూర్తిగా బయటికి లాగి వాటి వెనక పలకలు తీయండి. ఏ సొరుగు ఎక్కడిదో తెలియడానికి పనివాళ్లు గుర్తు పెట్టుకునేది అక్కడే. అంకె గానీ, అక్షరం గానీ, ఒక గీత గానీ కనబడితే ఈ సభ నిర్వాహకులకు పంపండి.