ఘనపదార్థము పలుకు విన్న రసాయనవేత్త
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసము)



జాన్ వా అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. మిత్రుడొకరు "ఆ విషయము తెనుగున చెప్ప వీలగునా?" అని శంకించిరి. చెప్పి చూతును, తడబడినచోట మన్నింప ప్రార్థన.

హైడ్రొజను పరమాణు కేంద్రకము ఒక సూక్ష్మమైన అయస్కాంతము. దానిని బలమైన అయస్కాంతము నడుమ నుంచి, తగిన రేడియో తరంగమును సోకించిన బదులు పలుకును. దీనినే అయస్కాంత అనునాదమందురు. ఆ పలుకులోని స్వల్పభేదములను బట్టి పరమాణువునకు ఇరుగుపొరుగు ఎవరో తెలియును. ద్రవములో అణువులు నిరంతరము దొర్లుచుండుటచే కేంద్రకముల పరస్పరపు లాగుడు సగటున అణగిపోవును. పలుకు స్పష్టముగా వినవచ్చును. ఘనములోనో, అణువులు కదలవు; అన్నియు ఒక్కసారిగా ఒకదానినొకటి లాగును. సంతలో కేకలవలె అంతయు కలగాపులగము. కరిగించి చూడవచ్చును గదా యందురా? కరిగించినచో ఘనముగా నున్నప్పటి అమరికయే పోవును.

1958లో బ్రిటనున రేమండ్ ఆండ్రూ పదార్థమునే అయస్కాంత క్షేత్రమునకు 54.7 డిగ్రీల వాలున గిఱ్ఱున త్రిప్పి చిక్కును కొంత విడదీసెను. ఉపాయము దొడ్డదే, కాని హైడ్రొజనుల లాగుడును అణచుటకు నాటి వేగములు చాలలేదు.

వా 1953 నుండి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకుడు. పదార్థమును త్రిప్పనేల, కేంద్రకములనే త్రిప్పరాదా అని ఆయన తలపు. 1968లో హ్యూబర్, హేబర్లెన్‌లతో కూడి నాలుగు రేడియో తాడనముల వరుస నొకదానిని కూర్చి, మరల మరల ప్రయోగించి, ఆ లాగుడు సగటున సున్న యగునట్లు చేసెను. మువ్వురి పేళ్ల మొదళ్లు కలిపి దానికి 'వాహుహా' అను పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులకును సరసము కలదు!

నాకు మిక్కిలి వింతగొలుపునది 1970 నాటి ప్రయోగము. ఘనములో అనునాదము ఒకసారి అణగారిన పిదప అందలి క్రమము తిరిగి రాదని పెద్దల నమ్మకము. వా, తన సహచరులైన రిమ్, పైన్స్‌లతో కలిసి, తగిన తాడనములచే కేంద్రకముల పరస్పర క్రియను వెనుదిరుగునట్లు చేసెను. కాలము వెనుకకు నడచినట్లు, అణగిన పలుకు మరల లేచినది! అంతవరకు నశించినదనుకొన్న క్రమము మరుగుపడి మాత్రమే యుండెను.

ఇందువలన లోకమునకేమి యందురేమో. అనునాదమునకు పలుకు కార్బను నూటికి ఇంచుమించు ఒకపాలు. దాని స్వరము బహు క్షీణము. 1972-73లలో పైన్స్, గిబ్బీ, వా హైడ్రొజను బలమును కార్బనునకు బదలాయించు పద్ధతిని చూపిరి. నాలుగింతల వరకు బలము చేకూరును. 1976లో షేఫర్, స్టెయ్‌స్కల్ దానిని ఆండ్రూ భ్రమణముతో జోడించిరి. మాత్రలోని మందును పొడిగా నుండగనే, కరగని ప్లాస్టిక్కును ఉన్నదున్నట్లుగనే నేడు పరీక్షించుచున్నది ఈ జోడింపుతోడనే.

గుటౌస్కీ, మెక్కానెల్‌లతో కలిసి వా 1983-84 వుల్ఫ్ బహుమానమును అందుకొనెను, 2014లో కీర్తిశేషుడయ్యెను. శిష్యుడు పైన్స్ 1972లోనే బర్క్లీకి పోయి, అచట దశాబ్దముల పర్యంతము ఈ విద్యనే పెంచెను.